ఫంక్షన్ హాల్లో బేస్ గిటారు

పెళ్ళి రిసెప్షన్‌కి ఆర్కెస్ట్రా మాట్లాడుకునేటప్పుడు బేరం తరచూ ఒకేచోట తెగుతుంది. పెళ్ళివారు రేటు తగ్గించమంటారు. ఎవర్ని తగ్గిద్దామా అని ఆర్గనైజరు లెక్క చూసుకుంటాడు. పాడేవాళ్ళ జోలికి వెళ్ళలేడు, బ్యానరు మీద ఉండేవి వాళ్ళ ఫొటోలే. కీబోర్డు లేనిదే ప్రోగ్రాం నడవదు. ప్యాడ్స్ వాయించే మనిషి లేకపోతే కుర్చీల్లోంచి ఒక్కరూ లేవరు. చివరికి వేటు పడేది బేస్ గిటారు మీద. కీబోర్డు ఆయన ఎడమచేత్తో నెట్టుకొస్తాడు, లేదంటే వెనక నడిచే రికార్డు ట్రాకులో బేస్ ఎలాగూ ఉంటుంది, ఎవరికి తెలుస్తుందిలే అంటారు. ఎవరికీ తెలియదన్న మాట చాలావరకు నిజమే కూడా. బేస్ వాయించి బతికేవాళ్ళం కాబట్టి ఇది మాకు కడుపుకి సంబంధించిన సంగతి. అయినా ఆ గోడు వెళ్ళబోసుకోవడానికి ఈ కాస్త సమయం వాడుకోను. ఆ వేటు వెనక సంగీతం గురించి ఒక అభిప్రాయం దాగి ఉంది, నా పేచీ దానితో. పాట అంటే ఎప్పుడో స్టూడియోలో తయారైపోయింది, వేదిక మీద దాన్ని చెక్కుచెదరకుండా దించితే పని అయిపోయినట్టే అన్నది ఆ అభిప్రాయం. పెళ్ళిలో వాయించే సంగీతానికి ఇది బొత్తిగా సరిపడదని నా వాదన.

లైవ్ మ్యూజిక్ అనగానే వేదిక మీద మనుషులు, మెడలో గిటార్లు, ఎదురుగా మైకులు కనిపిస్తే చాలనుకుంటాం. నేను ఇంకో పరీక్ష పెడతాను. ఇప్పుడు మొదలైన ఈ పాట ఎన్ని నిమిషాలు సాగుతుందో, ఎంత వేగంతో నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో తేల్చడం వాయిస్తున్నవాళ్ళ చేతిలో ఉందా, లేదా? ఉంటే ఇద్దరే వాయించినా లైవే. లేకపోతే ఇరవైమంది నిలబడ్డా అది కోట్లూ బూట్లూ వేసుకున్న రికార్డే. ఈ పరీక్ష నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మన పెళ్ళిళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదే.

పెళ్ళిపీటల దగ్గర సన్నాయి మేళం ఏం చేస్తుందో ఈసారి గమనించండి. ముహూర్తం దాకా ఏదో కీర్తన నింపాదిగా సాగుతూ ఉంటుంది. పురోహితుడు మంత్రం మధ్యలో చెయ్యెత్తి గట్టిమేళం అంటాడు. కీర్తన అప్పుడు పల్లవిలో ఉందా, చరణంలో ఉందా అని ఎవరూ చూడరు. ఉన్నచోటే దాన్ని వదిలేస్తారు. డోలు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, సన్నాయి పైస్థాయికి లేస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టినంతసేపూ, మూడుముళ్ళూ పడినంతసేపూ ఆ మోత మోగి, పని కాగానే దిగుతుంది. ఎంతసేపు అంటే ఎవరు చెప్పగలరు? పెళ్ళికొడుకు చేతులు తడబడితే ఇంకాసేపు, ఫొటోగ్రాఫరు మళ్ళీ ఒకసారి అంటే ఇంకాసేపు. ఆ క్షణంలో తుమ్ములూ అశుభపు మాటలూ ఎవరి చెవినా పడకుండా ఉండటానికే అంత మోత అని పెద్దవాళ్ళు చెబుతారు. కారణం ఏదైనా, అక్కడ సంగీతం చేసే పని పెళ్ళిని కనిపెట్టుకుని ఉండటం. చిన్న పెళ్ళిళ్ళలో ఫోనులో సన్నాయి రికార్డు పెట్టేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఏ మేనమామో ఫోను పట్టుకుని, పురోహితుడి చేతివైపే చూస్తూ నిలబడాలి. రికార్డు వచ్చి సన్నాయివాళ్ళ భోజనాలు మిగిల్చిందేమో గాని, కనిపెట్టుకుని ఉండే మనిషి అవసరాన్ని తప్పించలేకపోయింది.

ఊరేగింపులదీ ఇదే పద్ధతి. హైదరాబాదు మర్ఫానే తీసుకోండి. నిజాం కొలువులోకి సైనికులుగా వచ్చిన హద్రమౌత్ అరబ్బులూ ఆఫ్రికా సిద్దీలూ వెంట తెచ్చుకున్న వాయిద్యం అది, ఇవాళ కులమతాల తేడా లేకుండా బరాత్‌ల ముందు మోగుతోంది. వాయించేవాళ్ళ చూపు డాన్సు చేసేవాళ్ళ కాళ్ళమీదే ఉంటుంది. కాళ్ళు అలిసినట్టు కనిపిస్తే దరువు మారుతుంది, కుర్రాళ్ళు ఊపు మీద ఉంటే అదే దరువు తిరిగి తిరిగి వస్తుంది. క్లారినెట్టూ ట్రంపెట్టూ ఉన్న బ్యాండు మేళమైనా అంతే.

సినిమా పాటల ఆర్కెస్ట్రా ఈ వరసలో ఆఖరున చేరింది. సన్నాయికీ మర్ఫాకీ లేని చిక్కు ఒకటి దానికుంది: వినేవాళ్ళకి పాట ముందే వచ్చు. పాటే కాదు, ఇంటర్లూడ్‌లో వయొలిన్లు ఎక్కడ వస్తాయో, వేణువు ఎక్కడ తప్పుకుంటుందో కూడా కంఠతా వచ్చు. గుర్తుపట్టేలా వాయించకపోతే మొహం తిప్పేసుకుంటారు. అచ్చంగా రికార్డులా వాయిస్తే ఆ పూటకి అది అతకదు. ఈ రెంటి మధ్యా ఆర్కెస్ట్రా పాటని వంచాలి. పైన వినిపించే ట్యూన్‌ని వంచితే జనం పట్టేస్తారు. అందుకే అసలు వంపంతా కింద, డ్రమ్సూ బేసూ కలిసి నడిచే చోట జరుగుతుంది. నా వాదనకి బేస్ గిటారునే ఎందుకు ఎంచుకున్నానంటే, నా చేతిలో ఉండేది అదే అన్నది ఒక కారణం, ఇది రెండోది.

ఆ వాయిద్యం పుట్టుక కూడా ఈ మాటే చెబుతుంది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ని బజారులోకి తెచ్చాడు. అంతకుముందు డాన్సు బ్యాండ్లలో మనిషికన్నా ఎత్తుండే నిలువు బేస్ వాయించేవారు. దాన్ని ఊరూరా మోసుకెళ్ళడం ఒక అవస్థ అయితే, తీరా వాయించాక ట్రంపెట్ల కిందా డ్రమ్ముల కిందా అది వినపడకపోవడం ఇంకో అవస్థ. ఫెండర్ దానికి మెట్లు పెట్టి, కరెంటు తగిలించి, భుజాన వేసుకునేంత చిన్నది చేశాడు. లయొనెల్ హాంప్టన్ బ్యాండులో మాంక్ మాంట్‌గోమరీ దాన్ని వేసుకుని ఊళ్ళన్నీ తిరిగాడు. ఆ తరవాతే స్టూడియోల్లో అది స్థిరపడింది. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి పునాది వేసిన జేమ్స్ జేమర్సన్ పగలు స్టూడియోలోనూ రాత్రుళ్ళు క్లబ్బుల్లోనూ వాయించేవాడు. 1960లలో ప్రపంచమంతా విన్న ఆ రికార్డుల మీద అతని పేరు దాదాపు ఎక్కడా ఉండదు. బేస్ ఆయన లేకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనేది మన ఆర్గనైజర్లతో మొదలవలేదన్నమాట.

తెలియకపోయినా ఏదో జరుగుతుంది. కీబోర్డు పైన స గ ప పట్టుకుని ఉన్నప్పుడు, కింద బేస్ కూడా స దగ్గరే ఉంటే మనసు కుదుటపడ్డట్టు ఉంటుంది. పైన ఏమీ మార్చకుండా బేస్ ఒక్కటీ కిందిస్థాయి చతుశ్రుతి ధైవతానికి దిగితే ఆ మూడు స్వరాలకే దిగులు రంగు వస్తుంది. 1980లలో ఇళయరాజా పాటలు విని పెరిగిన తెలుగువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆయన పాటల్లో బేస్ తాళం కొట్టి ఊరుకోదు, పాడేవాళ్ళ కింద తన పాట తాను పాడుకుంటూ వెళుతుంది. మీరు ఈ ప్రసంగాన్ని ఫోనులో వింటుంటే ఒక మాట: ఫోను స్పీకరు బేస్ కిందిస్వరాల్ని అసలు పలకలేదు. పైనున్న అనుస్వరాల్ని బట్టి మన చెవే వాటిని ఊహించుకుంటుంది. మీరు ఎన్నోసార్లు విన్నాననుకుంటున్న పాటలో సగం నేల మీకు ఇంకా వినపడి ఉండకపోవచ్చు.

ఇప్పుడు హాలు సంగతి. బేస్ గిటారులో అన్నిటికన్నా కింది తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్దతరంగం పొడవు 8 మీటర్లకు పైనే. మన ఫంక్షన్ హాళ్ళలో పరదాలు తక్కువ, కింద గ్రానైటు, పక్కన టైల్సు, పైన కాంక్రీటు. అంత పొడుగు తరంగం గోడకి తగిలి వెనక్కి వచ్చి కొత్తదానితో కలుస్తుంది. ఒక మూల నిలబడితే గుండెలు అదురుతాయి, పది అడుగులు జరిగితే బేస్ మాయం. హాలు ఖాళీగా ఉన్నప్పుడు చేసిన సౌండ్ చెక్, వెయ్యిమంది నిండాక పనికిరాదు, ఎందుకంటే జనం ఒంటిమీది బట్టలు పైశబ్దాల్ని పీల్చేస్తాయి గాని కిందివాటిని అంతగా పీల్చలేవు. అప్పుడు బేస్ వాయించేవాడు చేసేది చాలా చిన్న పని. ఎడమచేతి వేలు కాస్త ముందుగా ఎత్తి స్వరాన్ని పొట్టి చేస్తాడు. రికార్డులో పొడుగ్గా మోగిన చోట ఇక్కడ టుక్కుమని ఆపేస్తాడు. రెండు దెబ్బల మధ్య ఖాళీ దొరికితే డ్రమ్స్ స్పష్టంగా వినిపిస్తాయి, పాడేవాడి మాటలు బతుకుతాయి. ట్రాకులో ఉన్న బేస్‌కి ఈ హాలు తెలియదు. మిక్సరు దగ్గర కూర్చున్న ఆయన దాన్ని పెంచగలడు, తగ్గించగలడు, కానీ ట్రాకులో మిగతావాటితో కలిసిపోయిన స్వరం నిడివిని కత్తిరించలేడు.

ముగింపుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పెళ్ళికూతురు మేకప్ గదిలోంచి ఇంకా రాలేదు, స్వాగతం పాట చివరి పల్లవికి వచ్చేసింది. ఇలాంటిది జరగని రిసెప్షన్ అరుదు. కీబోర్డు ఆయన వేలు గాల్లో గుండ్రంగా తిప్పుతాడు, అంటే మళ్ళీ తిప్పమని. బేస్ చివరి స్వరం మీద వాలకుండా పంచమం దగ్గరే వేళ్ళాడుతుంది. బేస్ షడ్జం మీద వాలనంతవరకు పాట అయిపోలేదని చెవికి తెలుస్తుంది, హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టరు. అమ్మాయి గుమ్మంలో కనిపించిన క్షణాన అందరూ కలిసి షడ్జం మీద పడతారు. ఎవరైనా పెద్దాయన తన కాలపు పాట పాడతానని మైకు అడిగితే, ఆయన గొంతు ఎక్కడ నిలుస్తుందో మొదటి మాటలోనే పట్టుకుని స్కేలు దించుతారు. ఆయన చరణం మరిచిపోయి తిన్నగా పల్లవిలోకి వస్తే అందరూ ఆయన వెనకే వస్తారు. ఆయన తప్పు పాడాడని ఎవరికీ తెలియనివ్వకపోవడం కూడా మా పనిలో భాగమే.

డీజే కూడా జనాన్ని చూసే పాటలు వేస్తాడు కదా అని మీరు అడగొచ్చు. అవును, మంచి డీజే చూస్తాడు. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీలో రికార్డులు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే రోజు అది. పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే కాసిని క్షణాలకే జనం రెచ్చిపోతున్నారని గమనించి, రెండు టర్న్‌టేబుళ్ళతో ఆ ముక్కనే సాగదీయడం అతని విద్య. చూడండి, అతను చేసినదేమిటి? పాట నిడివిని రికార్డు చేతుల్లోంచి లాక్కుని డాన్సు చేసేవాళ్ళ చేతికి ఇచ్చాడు. నేను పెట్టిన పరీక్షలో అతను నెగ్గుతాడు. అలా వాయించే డీజేతో నాకు తగువు లేదు. లాప్‌టాప్‌లో ముందురోజే వరస పేర్చిపెట్టి, బటన్ నొక్కి చేతులు ఊపే డీజేలే మన దగ్గర ఎక్కువ. అదీ కాక ఎంత గొప్ప డీజే అయినా తయారైన ముక్కల్లోంచి ఏరుకోవాల్సిందే, పెద్దాయన గొంతుకి తగ్గట్టు ఆ క్షణాన కొత్తగా వాయించలేడు. స్కేలు మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి నిజమే. చరణం ఎగ్గొట్టిన మనిషి వెనకాల పరిగెత్తే సాఫ్ట్‌వేర్‌ని ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త ఘాటైనది. మీరు వాయించేవి ఎవరో కట్టిన పాటలు, ఎవరో పాడిన పాటలు, అసలు గొంతు దొరుకుతుండగా నకలు ఎందుకు అంటారు. ఈ న్యాయం కర్ణాటక సంగీతానికి పెడితే కచేరీలన్నీ మూసెయ్యాలి. త్యాగరాజ కీర్తన పాడే విద్వాంసుణ్ణి నకలుగాడని ఎవరూ అనరు, అదే కీర్తన ఆయన ఈ సాయంత్రం ఎలా నడిపాడన్నదే వింటారు. సినిమా పాటకి ఆ మర్యాద ఇవ్వకపోవడం అలవాటే తప్ప, దాని వెనక న్యాయమేమీ లేదు. ఇక సృష్టి అంటారా, సినిమా గాయకుడిగా స్థిరపడకముందు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు నడిపారు. అందులో గిటారు, తరవాత హార్మోనియం వాయించింది ఇళయరాజా. వాళ్ళు నేర్చుకున్నది ఇతరుల పాటలు వాయిస్తూనే. లివర్‌పూల్ నుంచి హాంబర్గ్ వెళ్ళిన బీటిల్స్ 1960 నుంచి అక్కడి క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి ఎక్కువగా ఇతరుల పాటలే వాయించారు. పాల్ మెక్‌కార్ట్నీ బేస్ పట్టుకున్నది అక్కడే, 1961లో, స్టూవర్ట్ సట్‌క్లిఫ్ బ్యాండు వదిలేస్తే ఆ ఖాళీ పూరించడానికి. అమెరికన్ గాయకుడు రే చార్ల్స్ సంగతి వీటన్నిటికన్నా నాకిష్టం. 1958 చివర్లో పెన్సిల్వేనియాలో ఒక డాన్సులో వాయించాల్సిన పాటలన్నీ అయిపోయాయి, ఒప్పుకున్న టైము మాత్రం ఇంకా మిగిలింది. నా వెనకే రండి అని బ్యాండుకి చెప్పి, పియానో మీద తోచింది మొదలుపెట్టాడు. జనం కాళ్ళు ఆగలేదు. వాట్డ్ ఐ సే అన్న పాట అలా పుట్టింది. మరుసటి ఏడు రికార్డు చేస్తే ఆరు నిమిషాలు దాటి, ప్లేటు రెండువైపులా పంచాల్సి వచ్చింది. టైము మిగిలినప్పుడు ప్లేలిస్టు మళ్ళీ మొదటికొస్తుంది. మనుషులైతే ఒక్కోసారి ఇలా కొత్తపాట పుట్టిస్తారు.

డబ్బు మాటకి మాత్రం నా దగ్గర సులువైన జవాబు లేదు. ఎనిమిదిమంది వస్తే ఎనిమిదిమందికి కూలి, భోజనం, దారిఖర్చు ఇవ్వాలి. ఒక మధ్యతరగతి పెళ్ళి ఆ భారం మొయ్యాలని నేననను. స్తోమత లేనివాళ్ళు స్పీకర్లు పెట్టుకుని పాటలు వేసుకుంటే అందులో మోసమేమీ లేదు. ఈ రెంటికీ మధ్య నడుస్తున్న పద్ధతితోనే నా తగువు. వేదిక మీద మనుషులు ఉంటారు, వెనక ట్రాకు నడుస్తుంది, ట్రాకు వేగాన్ని తప్పకుండా ఉండేందుకు చెవుల్లో క్లిక్కు మోగుతుంది. పాడేది ఒక్కటే నిజం. మూడు నిమిషాల నలభై సెకన్లకి ట్రాకు అయిపోతుంది, గుమ్మంలోకి పెళ్ళికూతురు వచ్చినా రాకపోయినా. పైగా మనుషులకి డబ్బిచ్చీ, మనుషులు మాత్రమే చెయ్యగలిగిన పనిని చెయ్యనివ్వకుండా కట్టేస్తున్నాం. స్టేడియంలో పెద్ద గాయకుల షోలకి లైట్లూ వీడియోలూ పాటతో సెకనుకి సెకను కలవాలి గనుక క్లిక్కు అవసరమే. అయిదువందల మంది హాల్లో, వెనకాల ఎల్ఈడీ తెరమీద పెళ్ళివారి ఫొటోలు మాత్రమే తిరిగే చోట, దాని అవసరం ఏమిటో నాకు బోధపడదు. తప్పులు దొర్లుతాయనే భయం తప్ప.

హోరు గురించి కూడా ఒప్పుకోవాలి. పక్కనున్న మేనత్తతో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందని అతిథులు విసుక్కుంటారు, అందులో న్యాయం ఉంది. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు కూడదని 2005లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, అయినా గార్డెన్ ఫంక్షన్లలో ఆ మాట ఎంతమంది పాటిస్తున్నారో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి తెలుసు. కానీ ఆర్కెస్ట్రాని భోజనాల వేళ తగ్గి వాయించమంటే వేళ్ళ ఒత్తిడి తగ్గించి వాయించగలదు, అప్పుడు పాట రంగే మారుతుంది. ట్రాకుని తగ్గిస్తే శబ్దం చిన్నదవుతుంది, పాట మాత్రం అదే ఊపుతో దూరంనుంచి అరుస్తూనే ఉంటుంది.

మాకు ఇంకో చిక్కూ ఉంది: కొత్త పాటల్లో కంప్యూటరులో చేసిన బేస్ మా నాలుగు తీగలకి అందనంత కిందికి దిగుతోంది. దానికోసం అయిదో తీగ ఉన్న గిటార్లు కొంటున్నాం, కొందరు పెడల్ సింథ్‌లు పెట్టుకుంటున్నారు. అది పనివాళ్ళు చూసుకునే సంగతి, పాతకాలమే మేలని ఏడవడానికి కారణం కాదు.

ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది సింగర్లు, ఎన్ని పాటలు అని మాత్రమే అడుగుతారు. ట్రాకు ఎంత, చేతులు ఎంత అని కూడా అడగండి. మా పెదనాన్న పాడితే స్కేలు దించగలరా, అమ్మాయి ఆలస్యంగా వస్తే పాట సాగదీయగలరా అని అడగండి. ఆర్గనైజరు నసిగితే విషయం అర్థమైపోతుంది. ఇద్దరు సింగర్లూ, కీబోర్డూ, ఒక డ్రమ్సూ, ఒక బేసూ ఉంటే చాలు. ఆ మాత్రానికి కూడా డబ్బు చాలకపోతే మనుషుల్ని తగ్గించమనకండి, టైము తగ్గించమనండి. నాలుగు గంటల ప్రోగ్రాం ఎవరూ చివరిదాకా కూర్చుని వినరు. ఎనిమిదిన్నరకి మొదలుపెట్టి గంటన్నర వాయిస్తే సరిపోతుంది. ఆరుబయట అయితే ఎలాగూ పదింటికి ఆపాల్సిందే.